వేళ కాని వేళ సంగు

పోయిన నెల మా తాత ఊళ్ళో జింకల మీటింగు జరిగింది. జింకలు రాలేదు. వాటి తరపున కూడా మనుషులే మాట్లాడారు. బేతమంగళకు అవతల, ఊరి పాల డెయిరీ గదిలో క్యాన్లన్నీ ఒక మూలకు నెట్టి కుర్చీలు వేశారు. రాగి చేలలో జింకలు నానాటికీ ఎక్కువైపోతున్నాయి. వాటిని కాల్చకూడదు, కొట్టకూడదు, భయపెట్టవచ్చు. ఆ మాట చెప్పడానికి అడవిశాఖ నుంచి ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. చేతిలో టిఫిన్ క్యారియరంత సోలార్ పెట్టె. అందులో నాలుగు శబ్దాలున్నాయట. మొదట పులిని వినిపించాడు. మా జింకలు ఏ తరంలోనూ పులిని చూసినవి కావు. వాటికది పొరుగు రాష్ట్రపు భాష. ఇంట్లో తెలుగు, బస్సులో కన్నడ, గనుల వీధుల్లో తమిళం మాట్లాడే మా ప్రాంతంలో పొరుగు భాషకు భయపడే ప్రాణి ఏదీ లేదు. గుమ్మంలో పడుకున్న కుక్క కళ్ళు తెరిచి, విషయం గ్రహించి, మళ్ళీ మూసుకుంది. తర్వాత వేటకుక్కలు. ఆ తర్వాత తుపాకి. నాలుగోది సైరన్.

అది మోగగానే వెనక బెంచీ మీద కూర్చున్న ఆరోగ్యమ్మ లేచింది. డెబ్బై దాటిన మనిషి. చెప్పులు బెంచీ కిందే వదిలేసి, గోడ పట్టుకుంటూ వాకిట్లోకి వెళ్ళి, పడమటి దిక్కుకు, బంగారు గనుల వైపు తిరిగి నిలబడింది. ఆమె అలిగి వెళ్ళిపోతోందనుకున్నాడు ఆఫీసరు. కూచోమనీ, కాఫీ వస్తోందనీ కన్నడంలో బతిమాలాడు. ఆమెకు వినపడలేదు. ఆమె వింటున్నది ఏమిటో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. బెంగళూరులో కంప్యూటరు ముందు కూర్చుని జీతం తీసుకునే నేను, అమ్మ పేరున ఉన్న రెండెకరాల తరపున సంతకం పెట్టడానికి ఒకరోజు సెలవు పెట్టి వచ్చిన నేను, కుర్చీలోంచి ఎప్పుడు లేచానో నాకే తెలియలేదు.

మా తాత, అంటే అమ్మ నాన్న, గనిలో టైమాఫీసు గుమాస్తా. మా వైపు గని సైరన్‌ను సంగు అంటారు. గనిలోకి దిగేవాళ్ళకు, పైకి వచ్చేవాళ్ళకు, బడి గంటకు, పాలవాడికి, ఎసరు పెట్టే ఇల్లాళ్ళకు అదే గడియారం. దాని మీట నొక్కేది మా తాత. ఊరంతా ఆయన లేపితే లేచేది. ఆయన మాత్రం మా అవ్వ లేపితే లేచేవాడు. గని మూతపడ్డాక ఆయనకు లేపడానికి ఎవరూ మిగల్లేదు. క్వార్టర్సు గోడ మీద గడియారం కింద కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఆరుకూ రెండుకూ చెయ్యి గాల్లోకి కొద్దిగా లేచి మళ్ళీ తొడ మీద పడేదట. అది చూడలేకే అవ్వ, తన పుట్టింటివాళ్ళు రాసిచ్చిన రెండెకరాలకు ఆయన్ను తోలుకొచ్చింది. మా నాన్న బెంగళూరు రైలుకు తెల్లవారకముందే పోయి చీకటి పడ్డాక వచ్చే గుమాస్తా, అమ్మ టీచరు. నన్ను చూసుకునే తీరిక ఇద్దరికీ లేక, అవ్వ సామానుతో పాటు నన్నూ ఆ ఊరికి దింపారు.

అవ్వ ఒక షరతు పెట్టింది. గాదె నిండితే ఈ ఊళ్ళో ఉందాం, నిండకపోతే తమక టౌన్లో మా మామయ్య ఇంటిపైన ఖాళీగా ఉన్న గదికి పోదాం. ఇది ఉత్తమాట కాదని తెలియడానికి ఒక ట్రంకు పెట్టె సర్ది, తాళం వేసి, మంచం కింద పెట్టింది. పుట్టింటికి తిరిగిరావడం ఏ ఆడదానికైనా సంతోషమే, నెల రోజుల పాటు. ఆ తర్వాత క్వార్టర్సులో వదిలేసి వచ్చిన కొళాయి గుర్తొస్తుంది. తాత తమకకు ఒకసారి పోయి ఆ గది చూసి వచ్చాడు. ఎట్లుండాదని అడిగితే, కిటికీ ఉండాది అన్నాడు. కిటికీలోంచి ఏం కనబడతాదంటే, ఇంకో కిటికీ అన్నాడు. సేద్యం తెలియని మనిషి, అరవై దాటాక, ఆ కిటికీకి పోకుండా ఉండడానికి రాగి విత్తనాలు చేతిలోకి తీసుకున్నాడు.

ఆ ఇంటి వాసనలు నాకిప్పటికీ వరుస తప్పకుండా వస్తాయి. పొద్దున పేడనీళ్ళు, తర్వాత కాఫీ, పది గంటలకు రాగిపిండి ఉడికే వాసన, చలికాలమైతే పితికిపప్పు చారు. తాత మాత్రం భూమి మీద కూడా షిఫ్టు ప్రకారమే బతికాడు. ముద్ద మధ్యాహ్నం రెండుకు. ఒకటిన్నరకు ఆకలేసినా, ఆకలిదే తప్పు. అవ్వ ముద్ద తిప్పి గిన్నెలో వేసి, ఆవిరి తగ్గిపోతోందయ్యా అంటే, ఇంకా నాలుగు నిముషాలుండాది అనేవాడు. ఆ నాలుగు నిముషాలు మేం ముగ్గురం ముద్దను చూస్తూ కూర్చునేవాళ్ళం. పిల్లకాయలకు ఓర్పు నేర్పడానికి ఇంతకంటే క్రూరమైన పద్ధతి నేనెక్కడా చూడలేదు.

రాగి జానెడు లేచినప్పుడు ఒక సాయంత్రం అవ్వ పొలం నుంచి వచ్చి, నెంటర్లు వచ్చినారు అంది. నెంటర్లంటే మా వైపు చుట్టాలు. నేను పరుగెత్తి పోయి మొహం కడుక్కుని, జడ వేసుకుని, పండగ గౌను తొడుక్కుని, ఊరందరికీ కనపడేట్టు అరుగు మీద కూర్చున్నాను. ఎవరూ రాలేదు. మరుసటి సాయంత్రం కూడా నెంటర్లే, నాదీ అదే గౌను. మూడోనాడు అవ్వ నన్ను ఎగాదిగా చూసి, పకపకా నవ్వి, చెయ్యి పట్టుకుని చేను గట్టుకు తీసుకుపోయింది. పైరు భూమ్మీదున్నన్నాళ్ళు జింకను జింక అనకూడదట, పేరు పెట్టి పిలిస్తే పిలిచారు కదా అని వస్తాయట. చుట్టాలంటే పిలిచినా పిలవకపోయినా వస్తారు కాబట్టి ఆ పేరు వల్ల కొత్తగా నష్టం లేదు.

అట్లా నేను పండగ గౌనులో మొదటిసారి వాటిని చూశాను. ఎండిన చెరువు అంచున, తుమ్మపొదల్లోంచి, ఎవరో లోపలినుంచి ఒక్కొక్కటిగా పంపిస్తున్నట్టు వచ్చాయి. గోధుమరంగు ఆడవి ముందు, వాటి వెనక నల్ల ఇర్రి. దాని కొమ్ములు తాడు పేనినట్టు మెలికలు తిరిగి పైకి పోయాయి. కళ్ళ చుట్టూ తెల్లగా, ఎవరో సున్నం వేలితో గీసినట్టు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాకప్పటికి నూరు దాకా వచ్చు. కానీ అవి కదులుతుంటే ఒకటి రెండవుతోంది, రెండు మాయమవుతున్నాయి. అంతలో ఎక్కడో బండి చప్పుడైంది. ఒకటి ఎగిరింది. ముందు కంచె లేదు, గుంత లేదు, దూకవలసినదేదీ లేదు. నాలుగు కాళ్ళూ ఒక్కసారిగా భూమిని వదిలి, అట్లా గాలిలో కాసేపు ఉండి, దిగింది. దాన్ని చూసి ఇంకొకటి. ఆ తర్వాత అన్నీ. భూమి వాటిని కింది నుంచి ఎగరేసి పట్టుకుంటున్నట్టు ఉంది. నేను నోరు తెరిచి ఉన్నానని, అందులోకి ఒక దోమ పోయాక తెలిసింది. అవ్వ కొంగు నడుముకు చుట్టుకుని, ఈ మందకంతా మన రాగే దొరికిందా అంది. ఆమె కూడా మాట పూర్తయ్యేదాకా రెప్ప వేయలేదు.

పక్క పొలం మునెంకటప్ప అప్పటికి తాతకు గురువు. మా వైపు రాగి మొలిచాక దాని మీద కొరడు లాగిస్తారు. కొరడంటే బరువైన కొయ్యదుంగ. ఎద్దులకు కట్టి లేత పైరు మీద ఈడిస్తే, నలిగిన మొక్క మొండికెత్తి ఒక్కదానికి పది పిలకలు వేస్తుంది. అది మొదటిసారి చూసినప్పుడు తాత ఎద్దులకు అడ్డం పోయి నిలబడ్డాడట, తన పంటను తొక్కిస్తున్నారని. జింకల గురించి అడిగితే మునెంకటప్ప బీడీ ఆర్పి, "ఇప్పుడు కొరికితే కొరకనీ సామీ, అదీ ఒక కొరడే అనుకో. కణుపు లేచినాక మాత్రం నోరు పెట్టనీయొద్దు. వెన్ను తీసినాక తింటే ఇంగ నువ్వు తమకకే" అన్నాడు. మా ఇంటి షరతు ఊరందరికీ తెలుసు. ట్రంకు పెట్టె సర్దిన రోజే అవ్వ బావి దగ్గర చెప్పేసింది.

కణుపు లేచేసరికి తాత గనుల ఊరికి పోయి, పాత ఇనుము అంగట్లోంచి ఒక చేతి సంగు తెచ్చాడు. మూడుకాళ్ళ పీట మీద ఇనప డబ్బా, పక్కన పిడి. పిడి తిప్పితే ముందు దగ్గి, తర్వాత మూలిగి, చివరకు ఆకాశమంత గొంతు చేసుకునేది. మొదటిరోజు పొద్దున ఆరుకు తాత దాన్ని తిప్పగానే చేలో ఉన్న మంద చెరువు దాటి కంటికి కనపడనంత దూరం పోయింది. ఊళ్ళోకి వచ్చి స్థిరపడిన పాత గని మనిషి ఒకాయన చొక్కా తొడుక్కుని టిఫిన్ డబ్బా కోసం వెతికాడట. తాత మొహంలో అంత వెలుగు నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. వారం రోజులు మా రాగిని ఎవరూ ముట్టుకోలేదు.

రెండో వారానికి జింకలు టైమాఫీసు నియమాలు నేర్చుకున్నాయి. ఆరుకు ఐదు నిముషాలుందనగా చేలోంచి వాటంతట అవే దిగిపోయి, చెరువు అంచున నిలబడి, సంగు మోగేదాకా మర్యాదగా విని, తాత కాఫీకి ఇంట్లోకి రాగానే తిరిగి వచ్చేవి. సంగు మోగితే సంగటి అని వాటికి తెలిసిపోయింది. ఒకరోజు గోడ గడియారం ఆగిపోతే, అవ్వ కిటికీలోంచి తొంగి చూసి, మంద గట్టు దిగింది, ఆరుకు ఐదుండాదని చెప్పింది. తాత లేచి పోయి సంగు తిప్పాడు. మేమెవరం అందులో తప్పేమీ చూడలేదు.

తప్పు చూసింది మునెంకటప్ప. వచ్చినప్పుడు మోగించాల గానీ గంట చూసుకుని మోగిస్తే ఎట్లా సామీ అన్నాడు. తాత వినిపించుకోలేదు. అవ్వ ఊరుకోకుండా, "ఏమయ్యా, నువ్వు సంగు ఊదేది నెంటర్లకా, గడియారానికా" అని అడిగింది. తాత చాలాసేపు పిడి తుడిచాడు. తర్వాత చెప్పినదాన్ని నేను ఆయన ఒడిలో కూర్చుని విన్నాను. గనిలో వేళకు మోగితే అది సంగు. వేళ కాని వేళ మోగితే, భూమి లోపల బండ పగిలి ఎవరి మీదో పడిందని. అప్పుడు ఎవరూ గడియారం చూడరు. పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే వదిలేసి ఆడవాళ్ళంతా గని వాకిటికి పరుగెత్తుతారు. ఆయన సర్వీసులో అట్లా ఎన్నిసార్లు మీట నొక్కాడో చెప్పలేదు. ఒక్కటి చెప్పాడు. ఊరి చివర రెండు ఆవులతో ఉంటున్న ఆరోగ్యమ్మ కూడా అట్లా ఒకరోజు పరుగెత్తిన మనిషేననీ, ఆ రోజు డ్యూటీలో ఉన్నది తనేననీ. అవ్వ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. జింకలు మాత్రం ఎత్తాయి, రోజూ, ఆరూ పదికి.

రాగి వెన్ను తీసి, గింజ పాలు పోసుకున్న రోజుల్లో ఒక ఆదివారం. మంచు ఇంకా విడలేదు, ఏడున్నరై ఉంటుంది. నేను గట్టు మీదికి పోయాను. చేను కనపడలేదు. చేనున్న చోట వీపులున్నాయి. మంచులోంచి కొమ్ములు మొలిచినట్టు నిలబడి ఉన్నాయి. రెండు మూడు మందలు కలిసి వచ్చాయేమో, నూరు వరకు వచ్చిన నా లెక్క చాలలేదు. నమిలే చప్పుడు వినపడుతోంది, సన్నటి వాన పడుతున్నట్టు. అంత మెత్తగా మా ఇల్లు కూలిపోతోందని ఆ వయసులో కూడా నాకు తెలిసింది. అయినా నిజం చెప్పాలంటే, అవి అట్లాగే ఇంకాసేపు ఉండాలనిపించింది.

తాత వచ్చి సంగు పక్కన నిలబడ్డాడు. పిడి మీద చెయ్యి వేశాడు, తీశాడు. మునెంకటప్ప అవతలి పొలంలోంచి తిప్పు సామీ, తిప్పు అంటున్నాడు. అవ్వ చేను వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసి, ఇంట్లోకి పోయింది. లోపల నేల మీద ఇనుము ఈడుస్తున్న చప్పుడైంది. మంచం కింది ట్రంకు పెట్టె బయటికి వస్తోంది. తాత కళ్ళు మూసుకుని పిడి తిప్పాడు.

జింకలు పారిపోలేదు. ఒక్కసారిగా అన్నీ తలలెత్తి, ఇదేమిటి వేళ కాకుండా, అన్నట్టు మా వైపు చూశాయి. అన్ని కళ్ళు నన్ను ఒక్కసారి చూడడం నా జీవితంలో అదే మొదలు, అదే చివర. తాత తిప్పుతూనే ఉన్నాడు. అప్పుడు ఊరి వైపు నుంచి, చేను అడ్డంగా తొక్కుకుంటూ, జుట్టు విరబోసుకుని, చెప్పుల్లేకుండా ఆరోగ్యమ్మ వచ్చింది. ఆమె వెనక మరో ఆరేడుగురు, ఆమె ఎందుకు పరుగెత్తుతోందో తెలియక పరుగెత్తేవాళ్ళు. ఆమెకు జింకలు కనపడలేదు. మందలోకి, మంద నడిమికి, దారిలో ఏమీ లేనట్టే పరుగెత్తింది. అప్పుడు లేచాయి. ఆమెకు అటు కొన్ని, ఇటు కొన్ని, ఆమె తల ఎత్తుకు మించి, ఒకదాని వెనక ఒకటి, మంచును చీల్చుకుంటూ. నడిమధ్య ఆ ఒక్క మనిషి, పైకి చూడకుండా, సంగు వైపే వస్తోంది. దేవుళ్ళ ఊరేగింపులు చాలా చూశాను. కురుడుమలె వినాయకుడి ముందు కూడా నేను అంత నిశ్శబ్దంగా నిలబడలేదు.

ఆమె వచ్చి తాత చెయ్యి పట్టుకుంది. "ఎవురన్నా? యారు?" అంది.

తాత పిడి వదిలేశాడు. "ఎవురూ కాదమ్మా. జింకలు" అన్నాడు.

ఆరోగ్యమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఖాళీ చేను, దూరంగా చివరి జింక ఎగురుతూ పోతోంది. గట్టు మీద కూలబడింది. ఏడుస్తుందేమోనని అందరం చూశాం. పాదంలోంచి తుమ్మముల్లు పీకి, దాన్ని చూసి, "జింకలకా నన్ను ఇంత దూరం పరిగెత్తించినావు? పొయ్యి మీద పాలు పెట్టొచ్చినా కదన్నా" అంది. తర్వాత అదే గొంతుతో, "ఇంగ మీద వేళకే మోగించు. నడమ అవసరమైతే మనిషిని పంపించు, నేనే వచ్చి అరుస్తా. ఇనుముకంటే నా గొంతు పెద్దది" అంది.

పాలు పొంగి పొయ్యి ఆరిపోయిందని తర్వాత తెలిసింది. అవ్వ ఆమెకు చెంబెడు పాలిచ్చి, పసుపు తెచ్చి పాదానికి పెట్టింది. ట్రంకు పెట్టె గడప మీదే ఉండిపోయింది. అందరూ దాన్ని దాటుకుంటూ తిరిగారు.

తాతకు ఆ మాటలో తను వెతుకుతున్నది దొరికింది. ఆ సాయంత్రమే ఒక నోటుపుస్తకంలో గీతలు గీసి షిఫ్టులు రాశాడు. పొద్దున షిఫ్టు ఇద్దరు, సాయంత్రం ఇద్దరు, ఏ చేను ఎవరిదని చూడకుండా వరస కట్టి అన్ని గట్ల మీద తిరగాలి. గనిలో దిగేవాళ్ళకు ఇచ్చే ఇత్తడి బిళ్ళలు తన దగ్గర నాలుగు మిగిలి ఉంటే, వాటిని డ్యూటీ బిళ్ళలు చేశాడు. బిళ్ళ లేకుండా జింకను తరిమితే చెల్లదు. ఊరు నవ్వింది, తర్వాత బిళ్ళల కోసం పోట్లాడుకుంది. మునెంకటప్ప రెండుసార్లు లేటుగా వచ్చి మెమో తీసుకున్నాడు. చెరువు పక్క చేను అంచులో నాలుగు సాళ్ళు కోయకుండా వదిలారు, నెంటర్ల వంతని. మందకు వేళ్ళతో లెక్క తెలియకపోయినా మనుషుల లెక్క తెలుసు. నడుస్తున్న మనిషి ఉన్నంతసేపు అవి ఆ నాలుగు సాళ్ళు దాటి రాలేదు. సంగు ఆరుకూ రెండుకూ ఆరుకూ మోగుతూనే ఉంది, దేనికీ పనికిరాకుండా, ఎవరినీ భయపెట్టకుండా.

కానీ అప్పటికే పంట సగం పోయింది. రాగి కొట్టి తూర్పారబట్టి గాదెలో పోస్తే, వెదురల్లి పేడతో మెత్తిన ఆ నిలువెత్తు గాదెలో నడుము దాకా రాలేదు. తాత దాని అంచు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడ్డాడు. కిటికీలోంచి ఇంకో కిటికీని చూస్తున్నట్టే ఉన్నాడు. షరతు షరతే కదా, ఎప్పుడు బయల్దేరుదాం అన్నాడు. అవ్వ మునెంకటప్పను పిలిచి, ఉన్న రాగంతా మళ్ళీ గోనెల్లోకి తోడించింది. గడప మీదున్న ట్రంకు పెట్టెను ఇద్దరి చేత ఎత్తించి గాదె అడుగున దింపించింది. దాని మీద క్వార్టర్సు నుంచి తెచ్చిన రెండు కుర్చీలు తలకిందులుగా వేయించింది. వాటి మీద చాపలు. ఆ పైన రాగి పోయించింది. రాగి అంచు దాకా వచ్చింది. అరచేత్తో పైన చదును చేసి, "నిండింది" అంది.

ఆ పెట్టె మళ్ళీ బయటపడాలంటే రాగంతా తినాలి. రాగంతా తినేసరికి కొత్త రాగి వచ్చేది. అవ్వ మంచి చీరలు అందులోనే ఉన్నాయి కనుక, చాలా ఏళ్ళు పెళ్ళిళ్ళకు ఆమె రెండో రకం చీరలతోనే పోయింది. తాత ఆ ఇంట్లోంచే, ఆరుకు నాలుగు నిముషాలుందనగా పోయాడు. ఆ ఒక్కసారే ఆయన వేళ తప్పాడని అవ్వ అంది.

ఇప్పుడు ఆ నోటుపుస్తకంలో పేర్లున్నవాళ్ళ పిల్లలంతా పొద్దున రైల్లో పోయి బెంగళూరులో ఉంటారు. మా చేను మునెంకటప్ప కొడుకు గుత్తకు చేస్తున్నాడు. చుట్టూ సగం పొలాలు బీడు, కొన్నిట్లో సైటు రాళ్ళు. మనిషి అడుగు పడని నేల ఎక్కడ ఉంటే అక్కడ జింక పిల్లను పెట్టుకుంటుంది. జింకలు ఎక్కువయ్యాయని రాయడానికి ఆఫీసరు తెచ్చిన ఫారంలో గడి ఉంది. మనుషులు తక్కువయ్యారని రాయడానికి లేదు. పాపం అతను మంచివాడే. వాకిట్లో నిలబడ్డ ఆరోగ్యమ్మ దగ్గరికి నేను పోయి చెయ్యి పట్టుకుంటే, తన సొంత కుర్చీ మోసుకొచ్చి ఆమెకు వేశాడు. ఆమె కూర్చుని నన్ను గుర్తుపట్టి, "ఏం పాపా, ఇంగా నీకు ఆ గౌనే ఉండాదా" అని అడిగింది. తన చెప్పులు తెమ్మంది.

లోపలికి వచ్చాక ఆఫీసరు పెట్టె ముందు పెట్టుకుని, మీ చేలో ఏ శబ్దం పెట్టమంటారు మేడం, ఏ వేళకు అని అడిగాడు. మందలు ఎప్పుడొస్తే అప్పుడు మోగేలా పెట్టవచ్చట, కదలిక కనిపెట్టే కన్ను ఉందట. అదే మంచిదని తనే సలహా కూడా ఇచ్చాడు. సైరన్ పెట్టండి అన్నాను. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. మిగతా వేళల్లో నోరు మూసుకుని ఉండాలి. అట్లయితే వారంలో జింకలకు అలవాటైపోతుంది మేడం, ఐదు నిముషాలు ముందే దిగిపోతాయి అన్నాడు.

"అయిపోనీ సార్. మా ఇంట్లో గడియారం ఆగి చానా రోజులైంది" అన్నాను.